ఆసుపత్రి రద్దీ చూసి షేరు కొంటారా? అపోహలు - వాస్తవాలు

రాయగడలో షేర్ల బ్రోకర్ కంపెనీ తరఫున పనిచేసే ఏజెంటుని. పేపర్ మిల్లులో రిటైరైన పెద్దాయన ఒకరు మొన్న పీఎఫ్ డబ్బు పట్టుకుని వచ్చారు. "బాబూ, మోకాలి ఆపరేషన్‌కి వైజాగ్ వెళ్లాను. ఆ ఆసుపత్రిలో నిలబడ్డానికి చోటు లేదు. వాళ్ల షేరు కొనేద్దామా?"

(కొంటే నాకు కమిషన్ వస్తుంది. అది గుర్తుపెట్టుకునే మిగతాది చదవండి.)

అపోహ: జనం కిటకిటలాడితే లాభాలే.
వాస్తవం: ఓపీ దగ్గర లైను చూసి లాభం చెప్పలేం. బెడ్లు ఎన్ని నిండాయి, ఒక్కో బెడ్డు మీద రోజుకు ఎంత వస్తోంది అన్నది చూడాలి. ఆయుష్మాన్ లాంటి కార్డుల కేసులకు రేటు తక్కువ, డబ్బు ఆలస్యంగా రావడమూ ఉంది. కొత్తగా కట్టిన ఆసుపత్రి మొదటి కొన్నేళ్లు పాత ఆసుపత్రి లాభాన్ని తినేస్తుంది.

అపోహ: ఆరు వేల షేరు ఖరీదు, ఆరువందలది చవక.
వాస్తవం: 2024 అక్టోబరులో డాక్టర్ రెడ్డీస్ ఒక్కో షేరును ఐదు చేసింది. ధర ఐదో వంతుకు దిగింది, కంపెనీ మాత్రం అదే. అంతే.

అపోహ: మంచి కంపెనీ అయితే ఏ రేటుకైనా కొనొచ్చు.
వాస్తవం: ఎక్కువ మంది దెబ్బతినేది ఇక్కడే. పెద్దాయనకు కాగితం మీద లెక్క వేసి చూపించాను. షేరుకు లాభం 50 రూపాయలు, ధర 3,000. అంటే లాభానికి 60 రెట్లు పెట్టి కొంటున్నాం. లాభం ఏటా 15 శాతం పెరిగితే ఐదేళ్లకు 100 అవుతుంది. కంపెనీ చెప్పినట్టే చేసింది. కానీ అప్పటికి మార్కెట్ 30 రెట్లే ఇస్తే? ధర మళ్లీ 3,000. ఐదేళ్లు ఎదురుచూసినా పైసా రాలేదు, కంపెనీ తప్పూ లేదు. సన్ ఫార్మా 2015 ఏప్రిల్‌లో 1,200 దాకా వెళ్లింది. మళ్లీ ఆ ధర చూడ్డానికి 2023 చివరిదాకా పట్టింది.

అపోహ: మందులు అందరికీ కావాలి, కాబట్టి ఫార్మాలో రిస్కు లేదు.
వాస్తవం: 2017 మార్చిలో దివీస్ అనే ఫార్మా కంపెనీ విశాఖ యూనిట్ మీద అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ దిగుమతి ఆంక్షలు పెట్టింది. షేరు ఒక్క రోజులో 20 శాతం దాకా పడింది. నవంబరులో ఆంక్షలు ఎత్తేశారు, షేరూ కోలుకుంది. మధ్యలో భయపడి అమ్మినవాళ్లకే నష్టం.

పెద్దాయన అంతా విని, "మరి కొనమంటావా, వద్దంటావా?" అన్నారు. పెట్టాలనుకున్న దాంట్లో పావు వంతుతో ఇప్పుడు కొని, రెండు క్వార్టర్ల (మూడేసి నెలల) ఫలితాలు చూశాక మిగతా సంగతి చూద్దామన్నాను. రెండో మోకాలి ఆపరేషన్ ఇంకా ఉంది. ఆ డబ్బు మాత్రం పోస్టాఫీసులోంచి కదపొద్దన్నాను.