కారు ఎప్పుడు వణికిందో రాయలేదు మీరు

చిరంజీవులు పిల్లలిద్దరికీ తాతయ్య ఆశీస్సులు.

"కారు వణుకుతోంది తాతయ్యా, అలైన్‌మెంట్ చేయించాం, అయినా తగ్గలేదు" అని రాశారు. తగ్గదు మరి. తలనొప్పికి చెప్పులు మార్చినట్టుంది మీ వైద్యం. అలైన్‌మెంట్ అంటే చక్రాలు ఏ కోణంలో నిలబడ్డాయో సరిచూడటం. అది తప్పితే బండి ఓ పక్కకి లాగుతుంది, టైరు ఓ అంచున అరుగుతుంది. అలా అరిగిన టైరు తర్వాతెప్పుడో అదరొచ్చు గానీ, మామూలుగా వణుకు తెచ్చేది బ్యాలెన్సింగ్ లోపం. రెండూ ఒకచోటే చేస్తారు కాబట్టి అందరూ కలిపేసుకుంటారు.

బ్యాలెన్సింగ్ అంటే చక్రం చుట్టూ బరువు సమానంగా ఉండేలా రిమ్ముకి చిన్న బరువులు అంటించి సరిచేయడం. ఒకవైపు 20 గ్రాములు ఎక్కువుందనుకోండి. చేతిలో పట్టుకుంటే లెక్కలోకి రాని బరువు. కానీ 100 కిలోమీటర్ల వేగంలో మామూలు కారు చక్రం సెకనుకు 14 సార్లు తిరుగుతుంది. అప్పుడు ఆ 20 గ్రాములే దాదాపు మూడు కిలోల బరువంత బలంతో చక్రాన్ని బయటికి లాగుతాయి, అదీ సెకనుకు పద్నాలుగుసార్లు దిక్కు మార్చుకుంటూ. వేగం సగమైతే ఆ బలం నాలుగో వంతుకి పడిపోతుంది. అందుకే వీధిలో బుద్ధిగా ఉన్న కారు పెద్ద రోడ్డెక్కగానే చిందులేస్తుంది.

ఇప్పుడు మీరు రాయని సంగతులు అడుగుతాను. ఎంత వేగంలో మొదలైంది? చేతుల్లో తెలిసిందా, సీటు కిందా? బ్రేకు మీద కాలుందా అప్పుడు?

80 దాటాక మొదలై, 110 దాటాక కాస్త సర్దుకుంటే బ్యాలెన్సింగే అని ముందుగా అనుమానించండి. స్టీరింగులో తెలిస్తే ముందు చక్రాలు, సీటులో తెలిస్తే వెనక చక్రాలు. ప్రతిసారీ ఇంతే అని చెప్పలేను గానీ వెతకడం అక్కడ మొదలుపెట్టాలి. నాలుగు చక్రాలూ ఒకే సైజువైతే ముందువి వెనక్కి, వెనకవి ముందుకి మార్చి చూడండి. స్టీరింగులో ఉన్న వణుకు సీటు కిందికి దిగిందంటే దొంగ చక్రంతోపాటే వెళ్ళాడన్నమాట.

బ్రేకు తొక్కినప్పుడే స్టీరింగు ఊగి, పెడలు పాదాన్ని తోస్తుంటే బ్రేకు డిస్కు, అంటే చక్రంతోపాటు తిరిగే బ్రేకు పళ్ళెం, చూపించండి. దాని మందంలో వెంట్రుకవాసి కన్నా తక్కువ తేడా వచ్చినా చాలు. జారే రోడ్డు మీద గట్టిగా తొక్కినప్పుడు మాత్రం పాదం కింద టకటకమంటే అది ఏబీఎస్, అంటే చక్రాలు బిగుసుకుని జారకుండా చూసే ఏర్పాటు, తన పని చేసుకోవడమే, కంగారు పడకండి.

యాక్సిలరేటర్ తొక్కినంతసేపూ వణికి, కాలు తీయగానే ఆగితే యాక్సిల్ జాయింట్లు, అంటే చక్రాలను తిప్పే ఇరుసుల కీళ్ళు, చూపించాలి. ఇంజిన్ మీద అనుమానముంటే ఖాళీగా ఉన్న తిన్నని రోడ్డు మీద ఒక్క క్షణం న్యూట్రల్ చేయండి. తాళం మాత్రం తిప్పకండి, స్టీరింగు బిగుసుకుపోతుంది. ఇంజిన్ చప్పుడు తగ్గినా వణుకు అలాగే ఉంటే అది చక్రాలదే.

రెండు సందర్భాల్లో మాత్రం ఈ పరీక్షలేవీ వద్దు, బండి పక్కకు ఆపేయండి. టైరు మార్చిన కాసేపటికే వణుకు మొదలైతే నట్లు వదులయ్యాయేమో చూసుకోవాలి. బిగించేటప్పుడు వరసగా కాదు, ఎదురెదురుగా బిగించాలి. నూరు కిలోమీటర్లలోపు మళ్ళీ ఓసారి పానా వేసి చూడాలి. రెండోది, నెమ్మదిగా పోతున్నప్పుడు కూడా బండి బాతులా అటూ ఇటూ ఊగడం. టైరు లోపలి పొరలు విడిపోయి ఎక్కడో ఉబ్బి ఉండొచ్చు. ఆ టైరుతో ఇంకో మైలు కూడా వద్దు.

బండి చాలాకాలం కదలకుండా ఉంటే నేలకానిన చోట టైరు చదునవుతుంది. అది చాలాసార్లు పది ఇరవై కిలోమీటర్లు తిరిగితే దానంతటదే పోతుంది.

నా సంగతీ చెప్పాలి, లేకపోతే మిమ్మల్ని ఒక్కరినే తిట్టినట్టవుతుంది. ఓ వానాకాలం బురదదారిన పడి వచ్చాక కారు నా చేతుల్లో గజగజలాడింది. బేరింగు పోయిందన్నారొకరు, టైర్లన్నీ మార్చాలన్నారు ఇంకొకరు. నేనూ డబ్బు సిద్ధం చేసుకున్నాను. బ్యాలెన్సింగ్ చేసే కుర్రాడు చక్రం విప్పి, రిమ్ము లోపలివైపు స్క్రూడ్రైవరుతో గీకాడు. అరచేతంత మట్టి పెంకు, నీట్‌గా రిమ్ము వంపుతో సహా ఊడి వచ్చింది. ఇంటికి తిరిగొచ్చేటప్పుడు స్టీరింగు మీద రెండు వేళ్ళు ఆనిస్తే చాలింది.

కాబట్టి రేపు పొద్దున్న టార్చిలైటు పట్టుకుని నాలుగు రిమ్ముల లోపలివైపూ చూడండి. మట్టి లేకపోతే బ్యాలెన్సింగ్ బరువుల కోసం వెతకండి. సీసం రంగు చిన్న చిన్న బిళ్ళలు, వరసగా అంటించి ఉంటాయి. ఎక్కడైనా బిళ్ళ ఊడిపోయి, చుట్టూ దుమ్ము పట్టి మధ్యలో శుభ్రంగా ఓ నలుచదరం, దాని మీద జిగురు మరక కనిపిస్తే ఆ చక్రం ఏదో గుర్తు పెట్టుకుని నాకు ఫోన్ చేయండి.

మీ తాతయ్య