సాస్‌లో ఇఫ్, సెలెక్ట్, ఫార్మాట్: అపోహలు - వాస్తవాలు

క్లినికల్ ట్రయల్స్ (మనుషుల మీద చేసే మందుల పరీక్షలు) డేటా మీద సాస్ (డేటా విశ్లేషణ సాఫ్ట్‌వేర్) ప్రోగ్రాములు రాయడం నా పని. హైదరాబాద్‌లో ఈ పని చేసేవాళ్లు చాలామందే ఉన్నారు. కొత్తగా చేరినవాళ్లు నన్ను ఎక్కువగా అడిగేది ఒకటే: "ఇన్ని కండిషన్లున్నాయి కదా, ఇఫ్-ఎల్స్ రాయాలా, సెలెక్టా, ప్రాక్ ఫార్మాటా?" కండిషన్‌ని బట్టి డేటాలోని ఒక్కో వరసను ఒక్కో గ్రూపులో వేయడానికి ఇవి మూడు దారులు. ఏది రాసినా, ఏ కండిషన్‌లోనూ ఇమడని వరస ఎక్కడికి పోతుందో ముందు చూసుకోవాలి. నేను తరచూ వినే అపోహలు ఇవి.

అపోహ: వయసు నమోదు కాని పేషెంట్ ఏ గ్రూపులోనూ పడడు.

వాస్తవం: పడతాడు. సాస్ లెక్కలో మిస్సింగ్ (నమోదు కాని విలువ) అన్ని సంఖ్యలకన్నా చిన్నది, మైనస్ సంఖ్యలకన్నా కూడా. "వయసు 18 కన్నా తక్కువైతే పిల్లలు" అని రాస్తే వయసు లేనివాళ్లంతా పిల్లల్లో చేరిపోతారు. లాగ్‌లో (ప్రోగ్రామ్ నడిచినప్పుడు సాస్ రాసే నివేదికలో) ఎర్రర్ రాదు, వార్నింగ్ రాదు. నా మొదటి ప్రాజెక్టులో ఇదే జరిగింది. అది పెద్దవాళ్ల మీదే చేసిన ట్రయల్. టేబుల్‌లో మాత్రం "18 లోపు" వరసలో 2 అని ఉంది. క్యూసీ (నాణ్యత తనిఖీ) చేసిన సీనియర్ గారు పట్టుకోకపోతే అలాగే వెళ్లిపోయేది. అప్పటి నుంచి నా మొదటి ఇఫ్ ఎప్పుడూ మిస్సింగ్ ఫంక్షన్‌తోనే మొదలవుతుంది. సాస్ మిస్సింగ్‌ని చుక్కగా చూపిస్తుంది, కానీ "చుక్కతో సమానమా" అని అడిగితే చాలదు. అంకెల కాలమ్‌లో మిస్సింగ్‌లు 28 రకాలు: మామూలు చుక్క, చుక్క-అండర్‌స్కోర్, చుక్క పక్కన ఏ నుంచి జెడ్ దాకా. ఆ ఫంక్షన్ అన్నిటినీ పట్టుకుంటుంది.

అపోహ: ఎల్స్ రాసినా రాయకపోయినా ఒకటే.

వాస్తవం: రెండు కండిషన్లు నిజమైతే, ఎల్స్ ఉన్నప్పుడు మొదటిది నిలుస్తుంది, లేనప్పుడు చివరిది.

అపోహ: సెలెక్ట్‌కీ ఇఫ్‌కీ చూడటానికే తేడా.

వాస్తవం: సెలెక్ట్‌లో ఒక్కో కండిషన్‌నీ వెన్ అని, మిగతావాటికి అదర్‌వైజ్ అని రాస్తాం. ఏ వెన్‌కీ సరిపడని వరస వచ్చి, అదర్‌వైజ్ కూడా లేకపోతే, సాస్ ఎర్రర్ ఇచ్చి డేటా స్టెప్ (డేటాను వరస వరసగా చదివే ప్రోగ్రామ్ భాగం) ఆపేస్తుంది. అది చూసి టెన్షన్ పడి, అదర్‌వైజ్ పక్కన సెమీకోలన్ ఒక్కటే పెట్టి (అంటే ఏమీ చేయొద్దని) వదిలేస్తుంటారు. దయచేసి అలా చేయకండి. మీరు ఊహించని విలువ డేటాలో ఉందని ఆ ఎర్రర్ చెప్తోంది. అదర్‌వైజ్‌లో ఒక పుట్ స్టేట్‌మెంట్ రాసి, ఆ విలువనూ సబ్జెక్ట్ నంబర్‌నూ లాగ్‌లోకి పంపండి.

అపోహ: లేబుల్ తప్పు లేకుండా టైప్ చేస్తే అలాగే వస్తుంది.

వాస్తవం: కొత్త క్యారెక్టర్ (అక్షరాల) కాలమ్‌కి ఎంత పొడవో మొదటి ఎసైన్‌మెంటే తేల్చేస్తుంది. ముందు "మేల్" రాస్తే ఇంగ్లిష్‌లో నాలుగు అక్షరాలు. తర్వాత వచ్చే "ఫిమేల్"లో ఎఫ్, ఈ, ఎం, ఏ మాత్రమే మిగులుతాయి. పైన లెంగ్త్ స్టేట్‌మెంట్ రాయండి.

అపోహ: ప్రాక్ ఫార్మాట్ ప్రింటింగ్ కోసమే.

వాస్తవం: ఏ విలువకి ఏ లేబుల్ అన్నది ప్రాక్ ఫార్మాట్‌లో రాస్తాం; దాన్ని విలువకి వర్తింపజేసే పుట్ ఫంక్షన్‌తో కలిపితే గ్రూపులు చేయడానికి నాకు అన్నిటికన్నా ఇష్టమైనది ఇదే. గ్రూపులు మారితే ఒక్కచోట దిద్దితే చాలు. అంకెల ఫార్మాట్‌లో "లో" (LOW, అంటే అన్నిటికన్నా చిన్న విలువ) అన్న కీవర్డ్ మిస్సింగ్‌ని కలుపుకోదు కాబట్టి వయసు లేనివాళ్లు పిల్లల్లో పడరు. అయితే "అదర్" (మిగతావన్నీ) రాస్తే మిస్సింగ్‌లు కూడా అందులోకే పోతాయి. చుక్కకు విడిగా ఒక లైన్ రాయండి.