ఎండకు ఊడిన ఎలక్ట్రాన్లు: అపోహలు - వాస్తవాలు

అయనోస్ఫియర్ (వాతావరణంలో పైన, ఎండ వల్ల ఊడిన ఎలక్ట్రాన్లు ఉండే భాగం) మీద పనిచేస్తున్నానంటే చాలామంది ఇవే మాటలు అంటుంటారు, కాబట్టి ఒక్కచోట రాసేస్తున్నా.

అపోహ: మనమీద పడే ఎండే పైన ఎలక్ట్రాన్లను ఊడగొడుతుంది.

కంటికి కనిపించే వెలుగుకు అంత శక్తి లేదు. ఆక్సిజన్ పరమాణువు నుంచి ఎలక్ట్రాన్ విడిపోవాలంటే 13.6 ఎలక్ట్రాన్ వోల్టుల (ఇంత చిన్న శక్తులకు వాడే కొలత) శక్తి కావాలి, అంటే తరంగదైర్ఘ్యం సుమారు 91 నానోమీటర్ల లోపు ఉండాలి. అలాంటి కిరణాలు పైనే ఆగిపోతాయి, నేలకు రావు. అంతమాత్రాన అక్కడి గాలంతా అయాన్లే (ఎలక్ట్రాన్ పోగొట్టుకున్న పరమాణువులు, అణువులు) అనుకోకండి, 300 కిలోమీటర్ల ఎత్తులో పట్టపగలు కూడా సుమారు వెయ్యికి ఒకటే.

అపోహ: ఊడిన ఎలక్ట్రాన్ ఊడినచోటే ఉండిపోతుంది.

కొన్నిటికి పదుల ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి ఉంటుంది. అవి చుట్టూ ఉన్న ఎలక్ట్రాన్లను ఢీకొని వేడెక్కిస్తాయి, అందుకే పగలు అక్కడి ఎలక్ట్రాన్ల ఉష్ణోగ్రత గాలి కన్నా చాలా ఎక్కువ. పైకి తప్పించుకున్నవి భూ అయస్కాంత రేఖల చుట్టూ తిరుగుతూ అవతలి అర్ధగోళంలో దిగుతాయి. ఉత్తరాన చలికాలం ఇంకా తెల్లవారకముందే, దక్షిణాన అప్పటికే ఎండ పడుతున్న చోటి నుంచి వచ్చిన ఎలక్ట్రాన్లు పైపొరను వేడి చేయడాన్ని పోర్టోరికోలోని అరెసిబో రాడార్ 1960లలోనే పట్టుకుంది. నాకు ఈ రంగంలో అన్నిటికన్నా నచ్చే విషయం ఇదే.

అపోహ: పొద్దు గుంకగానే ఎలక్ట్రాన్లన్నీ మాయమైపోతాయి.

కింది పొర (60 - 90 కి.మీ.) విషయంలో ఇది దాదాపు నిజమే, రాత్రిళ్లు మీడియం వేవ్‌లో దూరపు స్టేషన్లు వినిపించేది ఆ పొర అడ్డు తొలగడం వల్లనే. పైన మాత్రం అయాన్లు ఎక్కువగా ఒంటి ఆక్సిజన్ పరమాణువులవి, అవి ఎలక్ట్రాన్‌ను నేరుగా పట్టుకోలేవు, ఎందుకంటే కలిసినప్పుడు మిగిలే శక్తిని వదిలించుకునే దారి వాటికి దాదాపు లేదు. ముందు ఏ నైట్రోజన్ అణువుతోనో ఆక్సిజన్ అణువుతోనో చర్య జరిగి అణు అయాన్ ఏర్పడాలి, ఆ తర్వాతే కలయిక. అంత ఎత్తులో అణువులు తక్కువ కాబట్టి ఆ పొర తెల్లవార్లూ ఎంతోకొంత నిలుస్తుంది.

అపోహ: ఎండ నిటారుగా పడేచోటే ఎలక్ట్రాన్లు ఎక్కువ.

ఎండ ఒక్కటే కాదు, భూ అయస్కాంత క్షేత్రం పాత్ర కూడా ఉంది. అయస్కాంత భూమధ్యరేఖ (ఆ క్షేత్రం నేలకు సమాంతరంగా ఉండే గీత) కేరళ దక్షిణ కొస దగ్గరగా వెళ్తుంది, 1963 నవంబర్ 21న మన దేశం నుంచి తొలి రాకెట్‌ను తిరువనంతపురం దగ్గరి తుంబా నుంచి ఎగరేసింది కూడా అందుకే. పగలు అక్కడ తూర్పు వైపున్న విద్యుత్ క్షేత్రం, ఉత్తరం వైపున్న అయస్కాంత క్షేత్రం కలిసి ప్లాస్మాను (ఎలక్ట్రాన్లు, అయాన్లు కలిసిన వాయువు) పైకి లేపుతాయి, అది ఫౌంటెన్ నీళ్లలా అయస్కాంత రేఖల వెంట రెండు పక్కలకూ జారుతుంది. దాంతో ఎలక్ట్రాన్ల సంఖ్య అయస్కాంత భూమధ్యరేఖ మీద తగ్గి, అహ్మదాబాద్ వైపు పెరుగుతుంది, మన తెలుగు రాష్ట్రాలు ఈ రెంటికీ మధ్య వాలులో ఉన్నాయి.

అపోహ: దీనితో మనకేం పని?

ఫోన్‌లో టవర్ సిగ్నల్‌కు సంబంధం లేదు నిజమే, జీపీఎస్‌కు ఉంది. ఎలక్ట్రాన్ల వల్ల సిగ్నల్ ఆలస్యమై మీటర్లలో తేడా వస్తుంది, రెండు ఫ్రీక్వెన్సీల రిసీవర్ ఉంటే చాలావరకు సరిచేయొచ్చు. అసలు చిక్కు సాయంత్రం తర్వాత పైకి లేచే ప్లాస్మా బుడగలతో (చుట్టూ కన్నా ఎలక్ట్రాన్లు బాగా తక్కువున్న చోట్లు), తిరుపతి దగ్గర గాదంకి రాడార్‌లో అవి బాగా కనిపిస్తాయి, సిగ్నల్‌నే తెంపేస్తాయి. సూర్యుడు చురుగ్గా ఉన్న ఏళ్లలో మార్చి - ఏప్రిల్, సెప్టెంబర్ - అక్టోబర్ రాత్రిళ్లు వీటి బెడద ఎక్కువ, కాబట్టి కచ్చితమైన సర్వే రీడింగులు ఉంటే పగలే తీసుకోండి.