పెట్రాకు ఒక్కరోజు: బస్సు దిగేముందు నేను చెప్పే మాటలు

హైదరాబాద్ నుంచి పవిత్ర దేశ యాత్రలకు గ్రూపుల్ని తీసుకెళ్ళడం నా పని. జోర్డాన్‌లో, రాతికొండల్లో తొలిచిన పాత నగరం పెట్రా దగ్గరికి వచ్చేసరికి సగంమంది అనే మాట ఒకటే: "మమ్మల్ని వదిలేయండి, మా పాటికి మేం చూసుకుని వస్తాం." వదిలేస్తాను. కాకపోతే ముందు మైకు పట్టుకుని కొన్ని భ్రమలు తీసేస్తాను.

అపోహ: ఆ ఎర్రరాతి ముఖద్వారమే పెట్రా. ఫొటో దిగితే చూసేసినట్టే.

దాన్ని అల్ ఖజ్నే అంటారు, అంటే ఖజానా. టికెట్ గేటు నుంచి 800 మీటర్లు ఎండలో నడిచి, ఆ తర్వాత సీక్ అనే కొండ చీలికలో 1.2 కిలోమీటర్లు వెళితే అది కనబడుతుంది. ఊరు మొదలయ్యేది అక్కణ్ణించే. రాతిలో తొలిచిన రంగస్థలం, రాజుల సమాధులు, స్తంభాల వీధి, గుడి, చివర కొండమీద మఠం, అన్నీ ఇంకా లోపలే ఉన్నాయి. ఫొటో దిగి వెనక్కి వచ్చేవాళ్ళు మన ఇంటి గడప తొక్కి, కాఫీ తాగకుండా పోయిన చుట్టాల్లాంటివాళ్ళు.

అది ఖజానా కూడా కాదు. పైనున్న రాతి కలశంలో ఈజిప్టు రాజు ఫరో బంగారం దాచాడని నమ్మి స్థానికులు తుపాకులతో కాల్చారు. ఆ తూటాల దెబ్బలు ఇప్పటికీ కనిపిస్తాయి. కలశం గట్టి రాయి, లోపల బోలు లేదు. 2024లో దాని కింద బయటపడ్డ సమాధిలో 12 మంది అస్థిపంజరాలు దొరికాయి. దాదాపు 40 మీటర్ల ఎత్తున్న ఆ ముఖాన్ని, ఈ ఊరు కట్టిన నబాటియన్లు పైనుంచి కిందికి చెక్కుకుంటూ వచ్చారు. ఉండవల్లి గుహలు చూసినవాళ్ళకి ఆ పనితనం వెంటనే అర్థమవుతుంది. 'ఫరో కూతురి కోట' అని పేరున్న ఖస్ర్ అల్ బింత్‌కీ ఫరోకీ ఏ సంబంధమూ లేదు, అది గుడి.

అపోహ: అలిపిరి మెట్లెక్కినవాళ్ళం, మఠానికి వెళ్ళే 800 మెట్లు మాకో లెక్కా?

అలిపిరిలో 3,550 మెట్లున్న మాట నిజమే. కానీ అక్కడ పైకప్పు ఉంది, పక్కన మజ్జిగ అమ్మేవాళ్ళున్నారు. మఠానికి వెళ్ళే మెట్లు కొండలో తొలిచినవి. అరిగిపోయి, ఇసుక పట్టి, ఒక్కోటి ఒక్కో ఎత్తులో ఉంటాయి. చాలాచోట్ల పట్టుకోవడానికి ఏమీ ఉండదు, పైగా గాడిదలు ఎదురొస్తుంటాయి. గాడిద వస్తే కొండవైపు నిలబడండి, లోయవైపు కాదు.

అసలు దెబ్బ మెట్లది కాదు, తిరుగుదారిది. గేటు నుంచి లోపలికి దారంతా పల్లం, కాబట్టి పొద్దున కాళ్ళకి ఏమీ తెలియదు. సాయంత్రం మఠం మెట్ల కింది నుంచి గేటుదాకా నాలుగు కిలోమీటర్లూ ఎగువకి నడవాలి. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళు తమ ఓపిక ఎంతో లోపలికి వెళ్ళేటప్పుడు కాక, ఖజ్నే దగ్గర ఆగి వెనక్కి ఒకసారి చూసి లెక్కేసుకోవాలి. అక్కణ్ణించి గేటుదాకా డబ్బులిస్తే విద్యుత్ బండ్లు తీసుకెళతాయి.

అపోహ: ఎడారి కదా, వానకి భయమేముంది?

పెట్రాలో నేను భయపడేది వానకొక్కదానికే. రాతికొండలు నీటిని పీల్చుకోవు. ఎక్కడో పైన కురిసింది కూడా సీక్‌లోకే దిగుతుంది, ఆ చీలిక ఇరుకైన చోట మూడు మీటర్లే. 1963లో అలా వచ్చిన వరద 20 మందికి పైగా పర్యాటకుల్ని బలి తీసుకుంది. 2018 నవంబరులో వేలమందిని ఖాళీ చేయించారు. ఈ సంగతి నబాటియన్లకి రెండు వేల ఏళ్ళ కిందటే తెలుసు. సీక్ మొదట్లో ఆనకట్ట కట్టి, వరదని పక్కకి మళ్ళించడానికి కొండలో సొరంగం తవ్వారు. మంచినీళ్ళకి గోడల వెంట కాలువలూ మట్టి గొట్టాలూ వేశారు. లోపలికి నడిచేటప్పుడు ఎడమా కుడీ గోడల్ని చూడండి, ఆ కాలువలు ఇంకా ఉన్నాయి. నాకైతే ఖజ్నేకన్నా అవే గొప్ప. శీతాకాలంలో వెళితే స్వెటరు కూడా తీసుకోండి, ఒక్కోసారి మంచు పడుతుంది.

అపోహ: ఇజ్రాయెల్ నుంచి సరిహద్దు దాటి ఒక్కపూటలో చూసొస్తే చవక.

జోర్డాన్‌లో కనీసం ఒక రాత్రి ఉండేవాళ్ళకి ఒకరోజు టికెట్ 50 దినార్లు. అదేరోజు సరిహద్దు దాటి వచ్చేవాళ్ళకి 90. దినార్ డాలరుకన్నా విలువైనదని మర్చిపోకండి. మూడు రాత్రులు ఉండేవాళ్ళు, పెట్రా టికెట్ కూడా కలిసుండే జోర్డాన్ పాస్ కొనుక్కుంటే వీసా రుసుము కూడా తప్పుతుంది.

అపోహ: గుర్రం ఉచితం.

గేటు నుంచి సీక్ దాకా సవారీ టికెట్‌లోనే ఉంది, బక్షీష్ మాత్రం లేదు. ఎక్కేముందే మాట్లాడుకోండి.

అపోహ: బైబిల్లో మోషే అన్న అహరోను సమాధి కూడా చూసొచ్చేయొచ్చు.

ఇది మా యాత్రికులు తప్పకుండా అడుగుతారు. అహరోను చనిపోయిన హోరు కొండ పెట్రా పక్కనున్న ఈ కొండేనని స్థానికుల నమ్మకం. శిఖరం మీది తెల్లటి గుమ్మటం మఠం దగ్గరి నుంచే కనిపిస్తుంది. కనిపిస్తుంది కదా అని బయల్దేరితే ఆ రోజంతా దానికే సరిపోతుంది. మఠం దగ్గర నిలబడి ప్రార్థన చేసుకోండి.

గైడు లేకపోతే తప్పిపోతామేమో అన్న భయం అక్కర్లేదు, ప్రధాన దారి ఒక్కటే. గేటు ఆరింటికి తెరుస్తారు. ఏడులోపు సీక్‌లో ఉంటే మీ అడుగుల చప్పుడు మీకే వినిపిస్తుంది. మఠం ముఖం మీద ఎండ పడేది మధ్యాహ్నం దాటాకే కాబట్టి, దాన్ని చివరికి పెట్టుకోవచ్చు. మన బస్సు ఐదింటికి. ఒంటిగంటకల్లా ఖస్ర్ అల్ బింత్ చేరనివాళ్ళు మాత్రం మెట్ల జోలికి పోకండి, అక్కడే నీడన కూర్చుని టీ తాగి వెనక్కి తిరగండి.