పడమటి గోడకు లోపలి నుంచి వేడి ఆపడం

చిరంజీవులైన పిల్లలకు తాతయ్య ఆశీస్సులు.

పాత పెంకుటింట్లో పడమటి గదికి ఏసీ పెట్టినా రాత్రి పదింటిదాకా గోడ వేడిగానే ఉంటోందని రాశారు. ఇటుక గోడ మధ్యాహ్నపు ఎండను నెమ్మదిగా పీల్చుకుని పొద్దుగూకాక గదిలోకి వదులుతుంది. 50 మిల్లీమీటర్ల థర్మాకోల్ పలక వేడిని ఆపడంలో ఇంచుమించు మీటరు మందం ఇటుక గోడతో సమానం. కనుక లోపల పలకలు వేయించుకోవచ్చు. ఏసీ లేని గదికైతే ఈ ఖర్చు వద్దు. బయట తాటాకు పందిరి వేసి గోడకు నీడ పట్టండి.

పలకలు కొనే ముందు చెమ్మ సంగతి తేల్చుకోవాలి. మన డెల్టాలో కాలువలు పారినన్నాళ్లూ పునాది కింద నేల తడిగానే ఉంటుంది. సున్నంతో కట్టిన గోడ ఆ తడిని పీల్చి గాలికి వదిలేస్తుంది. సిమెంటు పూతతో ఆ దారి మూసేస్తే తడి ఇంకా పైకి ఎగబాకి, ఉప్పు పొంగి, పూత పెచ్చులూడుతుంది. నేలకు అడుగు ఎత్తున 2 అడుగుల చదరం పాలిథిన్ ముక్కను నాలుగు అంచులా టేపు వేసి అంటించి, 2 రోజులు ఉంచండి. గోడవైపు చెమర్చితే తడి గోడలోదే. అప్పుడు సిమెంటు పూత చెక్కించి, చూరు నీళ్లు గోడ మొదట్లో పడకుండా చేసి, వేసవిలో కాలువలు కట్టేశాక బాగా ఆరనిచ్చి, సున్నం ఒక పాలు, ఇసుక మూడు పాళ్లతో పూత పెట్టించండి. ఇక్కడ తొందరపడితే మిగతా పనంతా వృథా.

12 అడుగుల పొడవు, 10 అడుగుల ఎత్తు గోడకు 4 అడుగులు, 2 అడుగుల కొలత పలకలు 15 పడతాయి. ముక్కలకని ఇంకో రెండు తీసుకోండి. థర్మాకోల్ కంటే నీరు పీల్చని గట్టి ఎక్స్‌పీఎస్ పలక మనకు నయం. పెట్రోలు వాసన వచ్చే జిగురు రెంటినీ కరిగించేస్తుంది, పలకలకని అమ్మే జిగురే వాడండి. సందుల్లో ఫోమ్ కొట్టి, పైన టేపు వేయాలి. సందు మిగిలితే బయటి తేమగాలి, పైన వేసే చల్లటి బోర్డు వెనక్కి చేరి నీరవుతుంది. పలకల మీద 2 అడుగులకొకటి చొప్పున ఇనప చానళ్లు బిగించి, 12.5 మిల్లీమీటర్ల జిప్సం బోర్డు వేయండి. చెక్క రీపర్లు వద్దు, చెదలు పడతాయి. చానళ్ల మధ్య పలకలు ఇరికించే మేస్త్రీలుంటారు, ఒప్పుకోకండి. ఇనుము గుండా వేడి లోపలికి వచ్చేస్తుంది. పలకకు నిప్పు తేలిగ్గా అంటుకుంటుంది గనుక బోర్డు లేకుండా ఎక్కడా వదలొద్దు. కరెంటు తీగ పలకకు తగిలితే దాని తొడుగు పెళుసెక్కుతుంది, పైపులోంచే లాగించండి. బోర్డు అడుగున అర అంగుళం ఖాళీ ఉంచితే నేల కడిగిన నీళ్లు ఎక్కవు.

చలిదేశాల వీడియోలు చూసి గదివైపు ప్లాస్టిక్ షీటు మాత్రం పరచకండి. అక్కడ ఆవిరి లోపలి నుంచి బయటికి పోతుంది, ఇక్కడ ఏసీ గదిలోకి బయటి నుంచి వస్తుంది. షీటు వెనక నీరు పట్టి బూజెక్కుతుంది. వినైల్ వాల్‌పేపరుదీ, ఆయిల్ పెయింటుదీ అదే తీరు. డిస్టెంపరు వేస్తే సరి.

మీ తాతయ్య