తిరగలి రాళ్ళు పరిచిన గది

చిరంజీవులు చిన్నికి, బాబీకి,

తాతయ్య దీవెనలు. మొన్న వీడియో కాల్‌లో బాబీ కోట బొమ్మ చూపించి "అప్పుడు యూరప్‌లో పుట్టుంటే నేను నైట్ అయ్యేవాణ్ణి తాతయ్యా" అన్నాడు. నైట్ అంటే గుర్రమెక్కి యుద్ధం చేసే దొరలాంటి యోధుడు. నవ్వేసి ఊరుకున్నాను గానీ, ఆ మధ్యయుగపు రోజుల్లో ఇంగ్లండ్‌లో పదిమంది పుడితే ఎనిమిది తొమ్మిదిమంది మట్టి పిసుక్కు బతికినవాళ్ళేరా. నువ్వు నైట్ అయ్యే అవకాశం కన్నా వాడి గుర్రానికి గడ్డి కోసే అవకాశమే ఎక్కువ.

ఆ రైతుల్లో చాలామందిని విలెన్లు అనేవారు. సినిమాల్లో మనం అనే విలన్ మాట అక్కణ్ణుంచి వచ్చిందే. వాళ్ళు సంతలో అమ్ముడుపోయే బానిసలు కారు. అలాగని దొర అనుమతి లేకుండా ఊరు దాటే వీల్లేదు. సాగుకి కొంత నేల ఇచ్చినందుకు వారంలో రెండు మూడు రోజులు దొర పొలంలో కూలి లేకుండా పని చెయ్యాలి. తెలంగాణలో వెట్టి అనేవాళ్ళే, దాదాపు అదే. కూతురి పెళ్ళి చేస్తే దొరకి రుసుము. ఇంటి పెద్ద పోతే కొట్టంలో ఉన్నవాటిలో మంచి పశువుని దొర మనుషులు తోలుకుపోయేవారు. శవం ఇంకా ఇంట్లోనే ఉండగా ఆవు తలుగు విప్పుతుంటే ఎలా ఉంటుందో ఊహించుకోండి.

పెళ్ళీ చావూ ఎప్పుడో గానీ రావు. పిండి మాత్రం రోజూ కావాలి కదా. వాగు మీద మర కట్టించేది దొర. ఊళ్ళోవాళ్ళంతా అక్కడే ఆడించుకుని, గింజల్లో కొంత అక్కడే వదిలి రావాలి. 1086లో విలియం రాజు రాయించిన దేశం లెక్కల్లోనే అలాంటి మరలు సుమారు 6,000 ఉన్నాయి. అంటే దొరలకి అదెంత ఆదాయమో చూడండి. ఇంట్లో తిరగలి ఉంటే ఎవరికీ ఏమీ ఇవ్వక్కర్లేదు. అందుకే దొరలకి తిరగలి కంట్లో నలుసయింది.

లండన్‌కి ఉత్తరంగా సెయింట్ ఆల్బన్స్ అనే ఊరుంది. అక్కడ దొర అంటే రాజు కొలువులోని యోధుడు కాడు, మఠాధిపతి. 1327లో ఆ పదవికి వచ్చిన రిచర్డ్ ఆఫ్ వాలింగ్‌ఫర్డ్ ఒక కమ్మరి కొడుకు. చిన్నప్పుడే తండ్రి పోతే మఠంవాళ్ళు చదివించారు. సూర్యచంద్రుల గమనం చూపించే పెద్ద గడియారాన్ని తయారుచెయ్యడం మొదలుపెట్టాడు. కుష్ఠువ్యాధితో బాధపడుతూ కూడా పని ఆపలేదు. ఇంత తెలివీ ఓర్పూ ఉన్న మనిషి ఏం చేశాడు? ఊళ్ళో ఇళ్ళలో తిరగళ్ళు తెప్పించి, ఆ రాళ్ళని మఠంలో మాటలాడుకునే గదికి గచ్చుగా పరిపించాడు! మరకే రావాలని ఆజ్ఞ వేస్తే సరిపోయేది. వాళ్ళ రాళ్ళ మీదే నడవడం మాత్రం నాకు ఎంతకీ మింగుడుపడదు.

యాభై ఏళ్ళు గడిచాయి. మధ్యలో 1348లో ప్లేగు వచ్చి దేశంలో మూడోవంతుకి పైగా జనాన్ని ఊడ్చేసింది. పనివాళ్ళు కరువై కూలి పెరగబోతే, ప్లేగుకి ముందున్న కూలే ఇవ్వాలని 1351లో చట్టం చేశారు. దాని మీద ఫ్రాన్స్‌తో యుద్ధానికని తలపన్ను. మూడోసారి వేసినప్పుడు పదిహేనేళ్ళు దాటిన మనిషికి 12 పెన్నీల లెక్క. 1381 వేసవిలో జనం తిరగబడి లండన్‌లోకి వచ్చేశారు. "ఆదాము తవ్వుతూ, ఈవ నూలు వడుకుతూ ఉన్నప్పుడు దొర ఎవడు?" అని జాన్ బాల్ అనే పాదిరి వాళ్ళని అడిగాడట.

ఆ జూన్‌లోనే సెయింట్ ఆల్బన్స్ జనం మఠంలోకి చొరబడ్డారు. బంగారం కోసమో, సారా కోసమో అనుకుంటాం. వాళ్ళు తిన్నగా ఆ గదికి వెళ్ళి గచ్చు తవ్వారు. రాళ్ళు బయటికి తెచ్చి ముక్కలు చేసి, ఆదివారం చర్చిలో రొట్టె పంచినట్టు అందరికీ తలా ముక్క పంచారు. రాసిపెట్టింది ఆ మఠంలోని సన్యాసే, థామస్ వాల్సింగ్‌హామ్. తిరగబడ్డవాళ్ళంటే ఆయనకి ఒళ్ళుమంట, అయినా ఆ ముక్కల సంగతి వదిలిపెట్టలేదు.

తర్వాత జరగాల్సిందే జరిగింది. విలెన్ల కట్టుబాట్లు ఎత్తేస్తానని లండన్‌లో జనానికిచ్చిన మాటని పద్నాలుగేళ్ళ రాజు రెండో రిచర్డ్ వెనక్కి తీసుకున్నాడు. జులైలో స్వయంగా సెయింట్ ఆల్బన్స్ వచ్చాడు. జాన్ బాల్‌ని అక్కడే చంపారు. ఊరి తరఫున నిలబడ్డ విలియం గ్రిండ్‌కాబ్‌ని ఉరి తీశారు. తిరగబడ్డప్పుడు ఊరివాళ్ళు అప్పటి మఠాధిపతి చేత రాయించుకున్న హక్కు పత్రాలు చెల్లకుండా పోయాయి.

మన పెరట్లో తులసికోట పక్కన మీ తాతమ్మ తిరగలి ఉంది కదా, దాని పైరాయిని బాబీ ఒక్కడూ ఎత్తలేడు. సంక్రాంతికి రండి, కడిగి పెడతాను. సోలెడు కందులు విసురుదాం. ఎంతసేపటికి చేతులు నొప్పెడతాయో చూసుకుని, అప్పుడు నాకు చెప్పండి.

మీ తాతయ్య