కంట్లో మందు బావి

"వయసు మీద పడి తగ్గిన చూపుకి జీన్ థెరపీ వచ్చేసిందట, పాడైన జన్యువుని మార్చేస్తారట, నిజమేనా?" అని ఒక పాఠకురాలు అడిగారు. రెండు వేరువేరు వార్తలు కలిసిపోయాయి. జన్యువు లోపాన్ని పూరించే లక్స్‌టర్నాకి 2017 డిసెంబరులో అమెరికాలో అనుమతి వచ్చిన మాట నిజమే. కానీ అది ఆర్‌పీఈ65 జన్యువు దెబ్బతిని పుట్టినవాళ్లకి. వయసుతో వచ్చే తడి రకం మాక్యులా క్షీణతకి పరీక్షిస్తున్న జీన్ థెరపీలు ఏ జన్యువునీ బాగుచెయ్యవు. కంటి చేతే మందు తయారు చేయిస్తాయి. నన్నడిగితే అదే ఎక్కువ తమాషా.

శుక్లం సంగతి వదిలేద్దాం, దానికి ఆపరేషన్ ఉంది. మాక్యులా అంటే కంటి వెనక వెలుతురుని పట్టే పొర, రెటీనా, నడిమధ్య చోటు. అక్షరాలు చదివేది, మొహాలు గుర్తుపట్టేది దానితోనే. తడి రకంలో దాని కిందనుంచి అక్కర్లేని రక్తనాళాలు పుట్టుకొచ్చి కారుతుంటాయి. వాటిని పెంచే ప్రోటీన్ పేరు వీఈజీఎఫ్. 2006లో వచ్చిన రానిబిజుమాబ్, ఆ తర్వాతి అఫ్లిబర్సెప్ట్ ఈ ప్రోటీన్‌ని పట్టేసుకుంటాయి. మందులు మంచివే. కంట్లో నిలిచేది మాత్రం కొన్ని వారాలే. అందుకని నెలకో, రెండు నెలలకో కంట్లోకి సూది, అదీ ఏళ్ల తరబడి. మధ్యలో మానేస్తే నాళాలు మళ్లీ కారతాయి.

ఇది ట్యాంకరు నీళ్ల మీద కాపురం. జీన్ థెరపీ అంటే పెరట్లో బావి తవ్వించుకోవడం.

తవ్వేది ఏఏవీ అనే వైరస్. వైరస్ అంటే శత్రువని బళ్లో చెప్పి ఊరుకుంటాం, పిల్లలకి ఈ రెండో ముఖం చూపించం. 1965లో వేరే వైరస్ నమూనాలో కల్తీగా బయటపడిన ఈ జీవికి తనంతట తానే మనిషికి జబ్బు చేసినట్టు రుజువు లేదు. అడ్డంగా కొలిస్తే 25 నానోమీటర్లు. దాని సొంత జన్యువులు తీసేసి ఆ డొల్లలో వీఈజీఎఫ్‌ని పట్టే ప్రోటీన్ తాలూకు జన్యువు పెడతారు. దాని ముందు జన్యువుని పనిలో పెట్టే ప్రమోటర్, వెనక ముగింపు గుర్తులాంటి పాలీ-ఏ సంకేతం, రెండు చివర్లా డొల్లలో సర్దుకోడానికి కావలసిన ఐటీఆర్ కొసలు. అంతా కలిపి సుమారు 4,700 డీఎన్ఏ అక్షరాల్లో ఇమడాలి. స్టార్‌గార్ట్ అనే వారసత్వపు రెటీనా వ్యాధికి కావలసిన ఏబీసీఏ4 జన్యువు ఒక్కటే 6,800 అక్షరాలు, అందుకే పట్టదు. లోపలికెళ్లిన డీఎన్‌ఏ చాలావరకు క్రోమోజోముల్లో కలవకుండా కేంద్రకంలో విడిగా, వలయంగా ఉండిపోతుంది. విభజన చెందే కణమైతే పంపకాల్లో పలచబడిపోయేది. రెటీనా కణాలు విభజన చెందవు కాబట్టి బావి ఏళ్ల తరబడి ఊరుతుంది.

ఎక్కడ తవ్వాలన్నది పెద్ద పేచీ. ఆర్‌జీఎక్స్-314 అనే జీన్ థెరపీ మందుని రెటీనా కిందికి ఎక్కించే పద్ధతిలో సర్జన్ ముందు కంట్లోని జెల్లీ తీసేస్తాడు. తర్వాత సన్నటి గొట్టంతో ద్రవం వదులుతుంటే మైక్రోస్కోపు కింద రెటీనా బొబ్బ కట్టినట్టు పైకి లేస్తుంది. ఆ బొబ్బ ఒకటి రెండు రోజుల్లో అణుగుతుంది. ఇక్సో-వెక్‌ అనే మరో మందుకి ఆపరేషన్ అక్కర్లేదు, మామూలు సూదితో జెల్లీలోకే వేస్తారు. మామూలు ఏఏవీ అక్కణ్ణుంచి రెటీనా లోపలికి సరిగ్గా దిగదు గనక దీని డొల్లనే మార్చాల్సి వచ్చింది.

బావితో చిక్కల్లా దానికి వాల్వు లేకపోవడమే. ట్యాంకరు వద్దంటే రేపట్నుంచి రాదు, తవ్వేసిన బావిని మాత్రం పూడ్చలేం. ఇక్సో-వెక్‌ని డయాబెటిస్ వల్ల మాక్యులా వాచినవాళ్లలో పరీక్షిస్తుండగా 2021లో, ఎక్కువ మోతాదు తీసుకున్న ఒకరికి కన్ను లోపల వాచి, పీడనం పడిపోయి, ఆ కంటి చూపు పోయింది. ఆ జబ్బుకి ప్రయత్నం మానేసి, తడి రకానికి మోతాదు బాగా తగ్గించి కొనసాగించారు. మోతాదు తగ్గించడం సరైన పనే. నెలనెలా సూదులు తప్పించాలన్న తొందరలో కన్నునే పణం పెట్టకూడదు.

మాక్యులా క్షీణతలో పొడి రకమూ ఉంది. అందులో కారే నాళాలే లేవు, కణాలు మెల్లగా చచ్చిపోతాయి. అక్కడ రోగనిరోధక వ్యవస్థలోని కాంప్లిమెంట్ అనే ప్రోటీన్ల దండు దూకుడు తగ్గిద్దామని, దానికి కళ్లెం వేసే ఫ్యాక్టర్ ఐ అనే ప్రోటీన్ జన్యువుతో చేసిన జీటీ005 ప్రయత్నాన్ని ఫలితం కనబడక 2023లో ఆపేశారు.

ఆర్‌జీఎక్స్-314, ఇక్సో-వెక్ మూడో దశ పరీక్షల దాకా వచ్చాయి. అవి నెగ్గినా, చచ్చిపోయిన కాంతి కణాలని బతికించలేవు. ఒక కన్ను మూసి చూస్తే గళ్ల కాగితం మీద తిన్నటి గీత వంకర తిరిగి కనబడుతోందా? జీన్ థెరపీ కోసం ఆగకుండా ఈ వారమే రెటీనా డాక్టరుకి చూపించుకోండి.